కాన్సన్‌ట్రేషన్ లేని పిల్ల

మా పాప రెండో తరగతిలో ఉండగా ఒకరోజు స్కూలు నుంచి ఫోను వచ్చింది, క్లాసు టీచరు నాతో మాట్లాడాలంటోందని. నేను అప్పుడూ ఇప్పుడూ విరుదునగర్‌లో ఒక మిరపకాయల మండీలో బిల్లులు కొట్టే పనిలోనే ఉన్నాను. మధ్యాహ్నం కాసేపు సెలవడిగి, ఘాటుకు కారే ముక్కు తుడుచుకుంటూనే వెళ్ళాను. టీచరు వయసులో నాకన్నా చిన్నది. ఆమె కోపంగా లేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

"పాప చెడ్డది కాదండీ. కానీ కాన్సన్‌ట్రేషన్ అస్సలు లేదు," అంది తమిళంలో. "బోర్డు మీద ఉన్నది సగం రాసి ఆపేస్తుంది. ఎందుకు ఆపావంటే ఏడుస్తుంది. పోయిన ఏడాది ఇలా లేదు. ఇంట్లో ఏమైనా గొడవలా?"

లేవన్నాను. నిజంగానే లేవు. మాది ముగ్గురి ఇల్లు. నేను, మా ఆయన, పాప. ఆయన నాకు వరసకు మేనమామ కొడుకు, చిన్నప్పటి నుంచి తెలిసినవాడు. చెయ్యి ఎత్తే మనిషి కాదు. మరి పిల్ల ఎందుకిలా అయిందో తెలియక, దాని చెయ్యి పట్టుకుని ఇంటికి నడిచాను. దారి పొడుగునా అది ఒక్కటే మాట అంది: "అమ్మా, కడుపు నొస్తా ఉండాది."

మేం ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. నేను పుట్టింది కూడా తమిళనాడులోనే, నాగలాపురం పక్కన ఒక మెట్ట ఊళ్ళో. మా వాళ్ళలో తెలుగు చదవడం ఎవరికీ రాదు. గుంటూరు నుంచి మండీకి వచ్చే బస్తాల మీది అక్షరాలు కూడబలుక్కుంటూ నేను నేర్చుకున్నాను. టీచరు అన్న మాటకు మా ఇంటి తెలుగులో మాటే లేదు. తమిళం నుంచి తెచ్చుకున్న 'కవనం' ఉంది, ధ్యాస అని, అంతే. "కవనంగా ఉండు" అంటాం, "కవనం లేని పిల్ల" అంటాం.

కానీ ఆ ఇంగ్లీషు మాట మా ఇంట్లో అంతకు ముందే ఉంది. మా ఆయన బ్యాటరీలు రిపేరు చేసేవాడు. మా ఇల్లు హైవే దగ్గర కావడంతో లారీలూ ట్రాక్టర్లూ ఆగేవి. ఇంటి ముందు గది షాపు, వెనక పెరడు పనిచోటు. నీళ్ళు కలపని యాసిడ్ క్యాన్ మీద ఎర్ర రంగుతో 'కాన్సన్‌ట్రేషన్' అన్న ఇంగ్లీషు మాటను పొట్టిగా రాసి, పక్కన పుర్రె బొమ్మ వేశాడు. దాన్ని తాళం వేసిన అలమరలో పెట్టేవాడు. నీళ్ళలోకి యాసిడ్ పొయ్యాలే తప్ప యాసిడ్‌లోకి నీళ్ళు పొయ్యకూడదని, పోస్తే మొహం మీదికి ఎగసిపడుతుందని పాపకు మాటలు రాకముందే చెప్పేవాడు. క్యాన్ మీది ఆ మాట వినపడితే పాప రెండడుగులు వెనక్కి వేసేది.

పెరట్లో మాత్రం దేనికీ తాళం లేదు. పాత బ్యాటరీలు విప్పి తీసిన ఈయం పలకలు గోడ వారగా పోగుపడి ఉండేవి. సీసాన్ని మేం ఈయం అంటాం. దాన్ని ఇనుప గరిటెలో కరిగించి బ్యాటరీ మీద తీగలు బిగించే మొనలు పోత పోసేవాడు. బూడిద రంగు దుమ్ము చొక్కాల మీద, చాప మీద, దండెం మీద ఎప్పుడూ ఉండేది. నేను చొక్కా దులిపి నీళ్ళలో వేసేదాన్ని. పాప ఆ పలకల పోగు పక్కనే బొమ్మలు పెట్టుకుని ఆడుకునేది. యాసిడ్ దగ్గరకు పోనంతవరకు మాకు ఏ భయమూ లేదు.

టీచరు చెప్పిన తరవాత నేను చెయ్యని పని లేదు. వల్లారై, అదే సరస్వతి ఆకు, జ్ఞాపకశక్తికి మంచిదంటే పొద్దున్నే పచ్చడి నూరి పెట్టాను. పాప కక్కేసింది. టీవీ తీసి అటక మీద పెట్టాను. బస్టాండు దగ్గర ఒక మేడ మీద, పిల్లలకు ఏకాగ్రత నేర్పే క్లాసు ఒకటి ఉండేది. శనివారాలు తీసుకుపోయాను. గోడ మీద నల్ల చుక్క పెట్టి, రెప్ప వెయ్యకుండా చూడమనేవాళ్ళు. మిగతా పిల్లలు చూసేవాళ్ళు. మా పాప కళ్ళలోంచి నీళ్ళు కారుతుంటే కూడా చూసేది, తరవాత ఉన్నట్టుండి తల మోకాళ్ళలో పెట్టుకుని ముడుచుకుపోయేది. ఇంటికొచ్చాక గోరుతో గోడ సున్నం గీకి నోట్లో వేసుకునేది. బలపాలు తినేది. డాక్టర్లు రక్తం తక్కువన్నారు, టానిక్కు ఇచ్చారు. సీసాలు అయిపోయాయి గాని పిల్ల మొహంలో రంగు రాలేదు.

మా ఆయన విసుక్కునేవాడు. పిల్ల మీద కాదు, నా మీద.

"రెండో క్లాసుకు ఏల ఇంత పీకుడు? నేను ఏమి సదివినాను? దాన్ని సుమ్మా ఇడువు," అనేవాడు, ఊరికే వదిలెయ్యమని.

ఆ ఎండాకాలం సెలవులకు పాపను కోవిల్‌పట్టిలో మా అక్క దగ్గర దింపాను. అక్క అక్కడ కడలమిట్టాయి చేసే చోట పని చేస్తుంది. వేరుసెనగపప్పు, బెల్లం పాకం, అచ్చులు. పాకం ముదిరితే మిట్టాయి పళ్ళకు రాయిలా తగులుతుంది, లేతదైతే సాగుతుంది. పొయ్యి దగ్గర నిలబడితే కళ్ళు పక్కకు తిప్పలేని పని అది. దింపిన వారం తిరక్కముందే అక్క ఫోను చేసింది.

"పాప కడుపు పట్టుకొని చుట్టుకొనిపోతా ఉండాది. గవర్మెంట్ ఆస్పత్రికి తోడుకొని పోతా ఉండాను. నువ్వు బస్సు ఎక్కు."

సాత్తూరు మీదుగా పోయే బస్సులో నిలబడే వెళ్ళాను. నేను చేరేసరికి పాపను మంచం మీద పడుకోబెట్టారు. డాక్టరమ్మ పెద్దావిడ, నెమ్మదైన మనిషి. పాప కింది రెప్ప లాగి చూసింది. చిగుళ్ళు చూసింది. ఇదివరకు వాడిన మందుల పేర్లు అడిగింది. మట్టి, సున్నం లాంటివి తింటుందా అంది. తింటుందన్నాను. అప్పటివరకు ఏ డాక్టరూ అడగని మాట అడిగింది.

"వాళ్ళ నాన్న ఏం పని చేస్తారు?"

బ్యాటరీ పని అని చెప్పగానే ఆమె పెన్ను కింద పెట్టింది. ఎక్కడ చేస్తారు, ఇంట్లోనా, కరిగిస్తారా, పాప అక్కడ ఆడుకుంటుందా, అని ఒకదాని వెనక ఒకటి అడిగింది. అన్నిటికీ అవుననే చెప్పాను. రక్తం తీసి మదురైకి పంపించారు.

రిపోర్టు వచ్చిన రోజు అక్కా నేనూ కలిసి వెళ్ళాం. డాక్టరమ్మ కాగితాన్ని నావైపు తిప్పింది. అందులో నాకు అర్థమైన ఇంగ్లీషు మాట ఒక్కటే. కాన్సన్‌ట్రేషన్. దాని ఎదురుగా ఒక అంకె, అంకె పక్కన ఎక్కువ అని చూపే బాణం గుర్తు. చూడగానే ఒక్క క్షణం నాకు సంతోషమే కలిగింది, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా.

"మేడం, దీనికి కాన్సన్‌ట్రేషన్ తక్కువంటున్నారు స్కూల్లో. ఇందులో ఎక్కువని ఉందే?" అన్నాను.

ఆమె నవ్వలేదు. కుర్చీ దగ్గరకు లాక్కుంది.

"అది వేరు, ఇది వేరమ్మా. ఇది రక్తంలో సీసం ఎంత కలిసిందో చెప్పే లెక్క. స్కూల్లో చెప్పింది మనసు నిలవడం గురించి. మాట ఒకటే. ఇది ఎక్కువ కాబట్టే బహుశా అది తక్కువైంది. పిల్ల తప్పేమీ లేదు."

అక్క అక్కడే ఏడ్చేసింది. నాకు ఏడుపు రాలేదు. నల్ల చుక్కను చూస్తూ కళ్ళ నీళ్ళు కార్చిన పాప గుర్తుకొచ్చింది. ఆస్పత్రిలో చేర్చి చెయ్యాల్సిన వైద్యం అవసరం లేదని, ఇంకొంచెం ఎక్కువుంటే అవసరమయ్యేదని డాక్టరమ్మ చెప్పింది. ఐరన్ మందు, పాలు, గుడ్లు, ఆకుకూరలు రాసిచ్చింది. అన్నిటికన్నా ముఖ్యం, పాప మళ్ళీ ఆ ఇంట్లో అడుగుపెట్టకూడదు అంది.

తరవాత చాన్నాళ్ళకు ఒక ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు కొన్నప్పుడు నేను మొట్టమొదట వెతికిన మాట అదే. ఏకాగ్రత, గాఢత, సాంద్రత, కేంద్రీకరణ. తెలుగులో ఎవరి మాట వాళ్ళకి విడివిడిగా ఉంది. ఆ పేజీ దగ్గర చాలాసేపు కూర్చున్నాను. నాకు కోపంగా అనిపించింది. ఎవరి మీద అంటే చెప్పలేను.

రిపోర్టు వచ్చిన సాయంత్రం మా ఆయనకు చెప్పినప్పుడు ఆయన గరిటె పట్టుకుని పెరట్లోనే ఉన్నాడు. మొదట అర్థం కానట్టు చూశాడు. తరవాత ఎగతాళిగా నవ్వాడు.

"ఈయం విసమా? మా అవ్వ ఈయచ్చొంబులోనే సారు కాసేది. ఊరంతా ఆ సారు తాగి పెరిగినోల్లే. ఎవురికి ఏమాయె?"

"నాకూ అదే తోచి డాక్టరమ్మను అడిగినాను మామా. ఆ చెంబు తగరమంట. తమిళంలో రెండిటికీ ఈయమే అంటారంట. ఇది అది కాదంట."

"అంట, అంట. మా నాయన ఇదే పని సేసినాడు. నేను ఈ పెరట్లోనే పెరిగినాను. నాకేమి రోగం వచ్చె?"

"పాపకు వచ్చె కదా."

ఆయన గరిటె కింద పెట్టి లోపలికి వెళ్ళిపోయాడు. ఆ రాత్రి అన్నం తినలేదు. మర్నాడు మామూలుగానే షాపు తెరిచాడు. నేను మండీకి పోతూ, వస్తూ, అదే మాట ఎత్తేదాన్ని. ఆయన రేడియో గట్టిగా పెట్టేవాడు. ఆ పని తప్ప ఆయనకు వేరే పని రాదు. ఆ పనిలో ఆయనకు పేరుంది. సాత్తూరు దాకా డ్రైవర్లు ఆయన చెయ్యి పడితే బ్యాటరీకి ప్రాణం వస్తుందనేవాళ్ళు. అలాంటి మనిషికి నీ చెయ్యి వల్లే పిల్లకు జబ్బు చేసిందంటే ఎలా వింటాడు?

పాపను కోవిల్‌పట్టిలోనే అక్క ఇంటి దగ్గర బళ్ళో వేశాం. నేను ప్రతి ఆదివారం వెళ్ళేదాన్ని. ఒక ఆదివారం తిరిగి వచ్చేటప్పుడు పాప బస్టాండుకు వస్తానని పట్టుబట్టింది. అక్క, నేను, పాప బెంచీ మీద కూర్చున్నాం. బస్సు వచ్చి నిలబడగానే పాప నా కొంగు రెండు చేతులా పట్టుకుంది.

"అమ్మా, ఇంగ బాగా సదువుతా. బోర్డులో ఉండేదంతా రాస్తా. నన్నూ తోడుకొని పోమ్మా."

అన్ని వారాలుగా ఆ పిల్ల అనుకుంటున్నది అదీ. చదువు రాలేదని ఇంట్లోంచి పంపేశామని. ఏ ఒక్కరమూ దానికి సరిగ్గా చెప్పనే లేదు. నేను బస్సు వదిలేశాను. మళ్ళీ బెంచీ మీద కూర్చుని దాన్ని ఒళ్ళోకి తీసుకున్నాను.

"సదవలేదని కాదు తల్లీ. మన ఇంట్లో ఉండే మన్ను, దుమ్ము నీ ఒంటికి ఒప్పుకోలేదు. అందుకే కడుపు నొప్పి. అందుకే బళ్ళో కవనం రాలేదు. నువ్వు ఏమీ తప్పు సెయ్యలేదు."

అది నా కొంగు వదిలింది. "నాయనకు మాత్రం ఒప్పుకొనిందా?" అంది.

ఇంటికొచ్చి ఆ మాట ఆయనకు చెప్పాను. వాదించడానికి కాదు. ఎవరికైనా చెప్పుకోకపోతే ఊపిరాడేట్టు లేక చెప్పాను. ఆయన రేడియో దగ్గరికి పోలేదు. మర్నాడు షాపు తియ్యకుండా, ఉతికిన చొక్కా వేసుకుని, "పద, ఆ డాక్టరమ్మను పోయి సూద్దాం," అన్నాడు.

డాక్టరమ్మ ఆయనతో ఎక్కువ మాట్లాడలేదు. "చేతులు ముందుకు చాచి, వేళ్ళు పైకెత్తి పట్టుకోండి," అంది. ఆయన చాచాడు. ఎడమ చెయ్యి నిలిచింది. కుడి చెయ్యి మణికట్టు దగ్గర మెల్లగా వాలింది. ఆయన మళ్ళీ ఎత్తాడు. మళ్ళీ వాలింది. ఆ చేత్తోనే ఆయన గరిటె పట్టేది. ఎన్నాళ్ళుగా అలా ఉందని ఆమె అడిగితే "తెలియదు" అన్నాడు. ఆయనకూ రక్తం తీశారు. తరవాత వచ్చిన ఆయన అంకె పాప అంకె కన్నా చాలా పెద్దది.

తిరుగు బస్సులో కిటికీ వైపు మొహం పెట్టి కూర్చున్నాడు. సాత్తూరు దాటాక అన్నాడు:

"మా నాయనకు కూడ ఇట్లనే మొదలాయె. కడాకు నీల్ల గ్లాసు ఎత్తలేకపోయె. వాతం అని నూనె రాస్తా ఉండినాం."

ఆయన వాలిన చెయ్యి తీసి నా ఒళ్ళో పెట్టుకున్నాను. బస్సులో అందరూ చూస్తున్నా ఆయన వెనక్కి తీసుకోలేదు.

షాపు మూసేశాం, మామగారి కాలం నుంచి ఉన్న ఆ అద్దె ఇల్లు ఖాళీ చేశాం. ఈయం అంతా లైసెన్సున్న కంపెనీ లారీకే ఎత్తించాడు, ఇంకొకరి పెరట్లోకి పోకూడదని. విప్పే పని లేని కొత్త రకం బ్యాటరీలు అమ్మే షాపులో కౌంటర్ దగ్గర కూర్చునే ఉద్యోగం దొరికింది. ఆయనకు ఆ పని నచ్చలేదు, ఇప్పటికీ నచ్చదు. ఊరికి అవతలి వైపు మేడ మీద చిన్న వాటా తీసుకున్నాం. చాపలు, దిండ్లు, తెరలు ఏవీ పాత ఇంట్లోంచి తేలేదు. ఏడాది తరవాత పాపను తెచ్చుకున్నాం. అంకె ప్రతిసారీ కొంచెం కొంచెం దిగింది. కడుపు నొప్పి పోయింది. సున్నం గీకడం మానేసింది. చదువు సంగతేమిటని డాక్టరమ్మను అడిగాను.

"రక్తంలోంచి తగ్గుతుంది. జరిగిపోయినదాంట్లో ఎంత వెనక్కి వస్తుందో నేను చెప్పలేనమ్మా. చెబితే అబద్ధమవుతుంది," అంది.

అంతటితో అయిపోయిందనుకున్నాను. ఒకరోజు మండీ నుంచి వస్తూ పాత వీధిలోంచి నడిచాను. మా పాత ఇంటి తలుపు తెరిచి ఉంది. పెరట్లో, సరిగ్గా ఆ గోడ వారగా, ఒక చంటిపిల్ల మట్టిలో పాకుతోంది. ఇంకో పిల్ల పక్కనే కూర్చుని చెంచాతో తవ్వుతోంది. నేను నేరుగా లోపలికి వెళ్ళాను. అరుప్పుకోట్టై నుంచి మగ్గాల పని వదులుకుని వచ్చిన కుటుంబమట. ఆ ఇల్లాలికి ఉన్న సంగతంతా చెప్పాను. ఆమె మర్యాదగా విన్నది.

"వచ్చేటప్పుడే బ్లీచింగ్ పొడి వేసి కడిగామక్కా," అంది నవ్వుతూ.

ఇంటి యజమానిని కలిస్తే, "ఇది బయట చెప్పకండి, ఇంకెవరూ అద్దెకు రారు," అన్నాడు.

మా ఆయనకు చెప్పాను. ఆయన డాక్టరమ్మకు ఫోను చేసి ఏం చెయ్యాలో తనే అడిగాడు. తవ్వవద్దు, దుమ్ము లేస్తుంది, బాగా తడిపి పైన గట్టిగా కప్పెయ్యండి, గోడలూ గచ్చూ తడిబట్టతోనే తుడవండి అని ఆమె చెప్పింది. ఆదివారం సిమెంటు, ఇసుక, కంకర వేయించుకుని ఆ ఇంటికి వెళ్ళాం. ఆ పిల్లల నాన్న తలుపు దగ్గరే అడ్డంగా నిలబడ్డాడు, మీకెందుకీ పని అన్నట్టు.

మా ఆయన తమిళంలో చెప్పాడు: "నేను ఇక్కడ ఈయం కరిగించేవాణ్ణి. ఆ మట్టి వల్ల నా కూతురికి జబ్బు చేసింది. నా వల్లే. మీ పిల్లలకు అది రాకూడదు. మీరు ఏమీ ఇవ్వనక్కర్లేదు, పిల్లల్ని లోపల పెట్టుకోండి చాలు."

ఆ మాట ఆయన నోటి నుంచి నేను వినడం అదే మొదటిసారి. నాతో కూడా ఎన్నడూ అనలేదు. ఆ పిల్లల నాన్న పక్కకు జరిగాడు. కాసేపటికి ఆయనే లుంగీ పైకి కట్టి తట్ట అందుకున్నాడు. మా ఆయన కుడి చెయ్యి అప్పటికి కొంత తేరుకుంది గాని తాపీ పట్టుకుంటే ఇంకా వణికేది. ఎడమ చేత్తోనే మెత్తాడు. పని పూర్తయ్యేసరికి పొద్దు వాలింది. నేనూ ఆ ఇల్లాలూ లోపల గోడలు తుడిచాం.

పిల్లలకు పరీక్ష చేయించమని వచ్చేటప్పుడు మళ్ళీ చెప్పాను. ఈసారి ఆమె నవ్వలేదు. కొన్నాళ్ళకు ఫోను చేసింది. చిన్నదానికి ఏమీ లేదట. పెద్దదానికి కొంచెం ఉందట, మందు వాడమన్నారట. వాళ్ళు కూడా వేరే ఇల్లు చూసుకుంటున్నారట.

మా పాప ఇప్పుడు పదో తరగతి. దానికన్నా చిన్నపిల్లలు గడగడా చదివే పేజీ, అది వేలు పెట్టి చదువుతుంది. చదివింది మర్నాటికి కొంత ఉంటుంది, కొంత ఉండదు. ఉండనప్పుడు పుస్తకం విసిరేస్తుంది, కాసేపటికి తనే వెళ్ళి తెచ్చుకుంటుంది. జరిగిందంతా దానికి తెలుసు. దాచలేదు. ఈమధ్య ఒక సాయంత్రం మిద్దె మీద బట్టలు తీస్తుంటే అడిగింది.

"అమ్మా, ఆ ఈయం లేకపోయి ఉంటే నేను ఎట్ల ఉండేదాన్ని?"

ఏదో ఒకటి చెప్పి సర్దేద్దామనుకున్నాను. దాని మొహం చూసి చెప్పలేకపోయాను.

"తెల్దు తల్లీ," అన్నాను.

అది తలూపింది. బట్టలు మడత పెట్టడం అయ్యాక సైన్సు పుస్తకం తెచ్చుకుని నా పక్కన కూర్చుంది. ఒక్క పేజీకే చాలాసేపు పట్టింది. నేను లేవకుండా అక్కడే కూర్చున్నాను.